పచ్చికకు క్షౌరమా, శిరోముండనమా?

మన సమాజ భవనము ముందరి పచ్చికను గూర్చి గత సర్వసభ్య సమావేశమున వచ్చిన ప్రతిపాదన సభ్యులకు జ్ఞాపకముండును. ఆ పచ్చిక చచ్చినది గనుక దానిని పెల్లగించి, నేలయంతయు సిమెంటు పోయించి, దానిపైని ప్లాస్టిక్ పచ్చిక పరపించవలెనని ప్రతిపాదకుల కోరిక. నీళ్ళ ఖర్చు తప్పును, తోటమాలి ఖర్చు తప్పును, ఏడాది పొడవునను ఒకే పచ్చదనము కన్నులపండువుగా నుండునని వారు సెలవిచ్చిరి. పలువురు చప్పట్లు చరచిరి. మేము లేచి నాలుగు మాటలు చెప్పబోగా, భోజనములు చల్లారుచున్నవని అధ్యక్షులవారు మమ్ము కూర్చుండబెట్టిరి. పులిహోర వాసన వచ్చుచుండగా గరికను గూర్చి వినువారెవరు? విషయము తదుపరి సమావేశమునకు వాయిదా పడినది. ఈలోగా మా వాదమును అచ్చువేయుటకు చోటిచ్చిన సంపాదకవర్గమునకు కృతజ్ఞులము.

మా వాదము ఒక్కటే. మన వాకిటి పచ్చిక తనంత తాను చావలేదు. కోయుట తెలియక కోసి దానిని మనమే చంపితిమి. చంపిన పిదప నీటిమీదను, నేలమీదను, ఎండమీదను నేరము మోపుచున్నాము.

మేము శాస్త్రవేత్తలము కాము. మెట్రిక్ ప్యాసై, 38 సంవత్సరములు గుమాస్తాగిరి చేసి విశ్రాంతి పొందినవారము. అయినను మా తాతగారు అనంతపురము ప్రాంతమునుండి బెంగుళూరు వచ్చి ఇల్లు కట్టుకొన్న నాటినుండియు మా వాకిట 30 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు గల గరిక మడి యొకటి కలదు. మా తండ్రిగారు దానిని చేతితో నెట్టెడు యంత్రముతో కోసెడివారు. ఆయన కోయుచుండగా మేము చూచితిమేగాని నేర్చుకొనలేదు. తండ్రి చేతి పనిని చూచుట వేరు, నేర్చుట వేరు అని మాకు తెలియుటకు ఒక విపత్తు రావలసి వచ్చినది. ఇతరుల తప్పు ఎన్నుటకు ముందు మా తప్పు చెప్పుకొనుట న్యాయము గనుక ఆ కథ మొదట చెప్పెదము.

2024 ఫిబ్రవరిలో మా మనుమరాలికి పుట్టువెంట్రుకలు తీయించితిమి. మొక్కు తిరుమలలో తీరినది. బంధువులకు విందు మా ఇంటివద్ద. విందుకు రెండు దినముల ముందు మా కుమారుడు, “నాన్నగారూ, వాకిలి అడవివలె ఉన్నది, ఎవరినైన పిలిపించి కోయించెదను” అనెను. మేమును సరే యంటిమి. ఒక మనిషి భుజమునకు పెట్రోలు యంత్రము తగిలించుకొని వచ్చెను. బ్రష్ కట్టరు అని దానికి పేరు. చివరను నైలాను త్రాడు గిరగిర తిరుగుచు తగిలినదానినెల్ల చీల్చివేయును. అరగంటలో మడి యంతయు మన్ను కనబడునట్లు చెక్కివేసెను. మేము ఒక్కసారి అయ్యో యనగా, అతడు యంత్రము ఆపి, “సామీ, మొదలంటా కొట్టేస్తే నెలదినాలు చూసే పని లేదు” అని నవ్వెను. ఆ మాట మాకును నచ్చినది. డబ్బిచ్చి పంపితిమి. పిల్లకు తిరుమలలో గుండు, పచ్చికకు మా వాకిట గుండు.

పిల్ల జుట్టు మూడు నెలలలో వచ్చినది. పచ్చిక రాలేదు. మార్చి ఎండలకు నేల బీటలు వారెను. ఆ నెలలోనే బెంగుళూరు జలమండలివారు త్రాగునీటిని తోటలకును, వాహనములు కడుగుటకును వాడరాదనియు, వాడినచో 5,000 రూపాయల జరిమానా యనియు ఉత్తరువు చేసిరి. నీరు పోయుటకు వీలులేదు. పోయుటకు మనసును ఒప్పలేదు. జూను వానలకు మా మడిలో మొదట లేచినది గరిక కాదు. తుంగ లేచినది. దాని వెనుక వయ్యారిభామ లేచినది. ఆ ఏడు సెప్టెంబరు 7వ తేదీన వినాయక చవితి. మా అమ్మగారు బ్రతికియుండగా దూర్వాయుగ్మ పూజకు గరికను వాకిట గిల్లి తెచ్చెడిది. ఇరుగుపొరుగువారు కూడ మా మడికే వచ్చెడివారు. ఆనాడు మేము అంగడికి పోయి గుప్పెడు గరికకు 20 రూపాయలిచ్చి కొంటిమి. మా ఇల్లాలు ఒక మాటయు అనలేదు. పళ్ళెరములో ఆ వాడిన గరికను ఉంచి మా ముఖము చూచెను. అంతే.

అప్పటినుండి ఈ పద్దు ఎచ్చట తప్పినదో వెదకుట మొదలిడితిమి. గుమాస్తాకు తప్పిన పద్దు దొరకువరకు నిద్ర పట్టదు.

తప్పు ఆ గుండు అను మాటలోనే యున్నది. మనము గడ్డిని వెంట్రుకలవలె భావించుచున్నాము. వెంట్రుక తీసినను శరీరమునకు ఆకలి కాదు. వెంట్రుక శరీరమునకు అన్నము పెట్టదు గదా. గడ్డి ఆకు అట్లు కాదు. ఎండను పట్టి, గాలిని పట్టి, వేరునకు కావలసిన అన్నము వండునది ఆ ఆకే. ఆకు నంతయు కోసివేయుట యనగా ఇంటిలోని వారిని ఉంచి వంటయిల్లు పడగొట్టుటయే. ఇంటివారు కొన్నాళ్ళు నిలువ సరకులతో గడుపుదురు. గరికయు తన కణుపులలోను, నేలలోపలి కాండములలోను దాచుకొన్న పిండితో మరల చిగుర్చును. ఆ చిగురును కూడ నెలకొకసారి మొదలంట కొట్టినచో నిలువ ఎన్నాళ్ళు వచ్చును? ఇది ఊహ కాదు. 1955లో అమెరికా వ్యవసాయ శాఖవారు ప్రకటించిన క్రైడరు అను శాస్త్రజ్ఞుని పరిశోధనలో, ఆకుభాగములో సగమో, అంతకు మించియో ఒక్క కోతలో తీసివేసినచో వేళ్ళ పెరుగుదల ఆగిపోవుననియు, ఎంత ఎక్కువ తీసిన అంత ఎక్కువ దినములు ఆగుననియు తేలినది. వేరు లోతుకు దిగని గడ్డి పైపై తడిమీదనే బ్రతుకవలెను. పైతడి మన ఎండలలో రెండు దినములు నిలువదు. కనుక మార్చిలో మా పచ్చికకు నీరు లేకపోవుట నిజమేగాని, నీటిని వెదకికొని పోవు వేరును ఫిబ్రవరిలోనే మేము నరికించితిమి.

అట్లయిన అసలు కోయనే వలదా యని కొందరు అడుగుదురు. కోయవలెను. మామిడి కొమ్మ కొనయందు చిగుర్చును. గడ్డి మొదటియందు చిగుర్చును. పశువు మేసినను మరల పెరుగుటకే ప్రకృతి దానికి ఆ ఏర్పాటు చేసినది. కొన తెగినకొలది గరిక అడ్డముగా ప్రాకి కణుపు కణుపున వేరూని నేలను కప్పును. మన దూర్వాసూక్తము గరికను కణుపు కణుపునుండి మొలకెత్తునదిగా కొనియాడుట కవిత్వము మాత్రమే కాదు. కన్నులతో చూచినవారు చెప్పిన సత్యము. కోయక వదలినచో పొడుగు మొక్కలు పొట్టివానిని మ్రింగును. 1859లో డార్విను తన గ్రంథములో ఈ సంగతినే వ్రాసెను: మూడడుగులు నాలుగడుగుల చిన్న పచ్చికపట్టులో 20 జాతుల మొక్కలుండగా, కోయక స్వేచ్ఛగా పెరుగనిచ్చిన పిమ్మట వానిలో 9 జాతులు నశించెనట. కోత పచ్చికకు క్షౌరము. క్షౌరము ఆరోగ్యమే. శిరోముండనమునే మేము వలదనుచున్నాము.

క్షౌరమునకు కొలత కలదు. ఎంత ఎత్తున గడ్డి ఉండవలెనని మనము కోరుదుమో, దానికి ఒకటిన్నర రెట్లు పెరిగినప్పుడు కోయవలెను. అనగా ఏ కోతలోను మూడింట ఒక వంతుకు మించి తీయరాదు. గరికను ఇండ్లలో ఒక అంగుళమునకును, రెండు అంగుళములకును నడుమ ఉంచుట మేలు. మేము ఒకటిన్నర అంగుళము ఉంచుచున్నాము. కనుక రెండుంబావు అంగుళములు పెరుగగానే యంత్రము బయటికి తీయుదుము. మా దగ్గర ఆఫీసునాటి కొయ్యస్కేలు ఒకటి కలదు. పూర్వము దానితో రిజిస్టర్లకు గీతలు గీచితిమి. ఇప్పుడు గరికలో నిలువుగా గ్రుచ్చి ఎత్తు చూచుచున్నాము. వీధివారు నవ్వుదురు. నవ్వనిండు. గడ్డి ఎత్తును కంటితో చూచి చెప్పువాడు, పంచదారను చేతితో తూచి అమ్మువానివంటివాడు.

యంత్రములో ఎత్తు మార్చు మీట ఉండును. దానిపై అచ్చొత్తిన అంకెలను నమ్మరాదు. చదునైన గచ్చుమీద యంత్రమును నిలిపి, విద్యుత్తు తీగను ఊడబెరికి, గచ్చునుండి కత్తి అంచువరకు స్కేలుతో కొలిచి చూడవలెను. మా పొరుగువారి యంత్రములో రెండు అని ఉన్నచోట నిజముగా ఒకటింబావు అంగుళమే ఉన్నది. పాపమాయన మూడేండ్లు ఆ అంకెను నమ్మి, తన పచ్చిక చెడిపోవుటకు వాస్తుదోషము కారణమని తలంచెను.

ఇక ఎన్ని దినములకొకసారి? ఇచ్చటనే పెద్ద పొరపాటు. మనవారు నెల యనియు, పండుగ యనియు, విందు యనియు గడువు పెట్టుదురు. గరికకు మన పంచాంగము తెలియదు. వానకాలమున బెంగుళూరిలో ఏడెనిమిది దినములకే కోతకు వచ్చును. మార్గశిర పుష్యములలో చలికి మూడు వారములైనను కదలదు. వేసవిలో నీరు లేనియెడల నెలల తరబడి యంత్రము తాకనక్కర లేదు, తాకరాదు కూడ. “మొదలంటా కొట్టేస్తే నెలదినాలు చూసే పని లేదు” అను లెక్క పనివానికి లాభము, పచ్చికకు మృత్యువు. ఊరికి పోయి వచ్చుసరికి ఆరు అంగుళములు పెరిగినచో ఏమి చేయవలెనని ప్రశ్న వచ్చును. ఒక్కసారిగా దింపరాదు. ఆరునుండి నాలుగునకు కోసి, నాలుగైదు దినములు ఆగి, నాలుగునుండి మూడునకు దగ్గరగా తెచ్చి, మరల ఆగి రెండునకు తేవలెను. నెలరోజుల ఆహారమును ఒక పూట మ్రింగలేము గదా, నెలరోజుల కోతను మాత్రము పచ్చిక ఒక పూటలో ఎట్లు మ్రింగును?

కత్తి మాట. మంగలి కత్తి మొండిదైనచో మనము కుర్చీనుండి లేచి వచ్చెదము. పచ్చిక లేచి పోలేదు. మొండికత్తి ఆకును కోయదు, పీకును. కోసిన మరునాడు వంగి కొనలు చూడుడు. అంచు నున్నగా పచ్చగా నున్నచో కత్తి మంచిది. కొనలు పీచులు పీచులుగా చిరిగి, రెండు మూడు దినములకు తెల్లబడి, పిదప గోధుమరంగునకు తిరిగినచో కత్తి మొండిది. దూరమునుండి పచ్చిక ఎండినట్లు కనబడును. ఇంటివారు నీరు చాలలేదని మరి నాలుగు బిందెలు పోయుదురు. చిరిగిన గాయమునుండి ఉన్న నీరే ఎక్కువగా ఆరిపోవునని ఎవరు చెప్పవలెను? ఇంటి వాడుకకు ఏటికి రెండు మూడు మారులు ఆకురాయితో పదును పెట్టించిన చాలును. రెండు వైపులను సమముగా అరగదీయవలెను. ఒక వైపు బరువు మిగిలినచో యంత్రము వణకును.

ఇచ్చట యంత్రముల పుట్టుక చెప్పుట అప్రస్తుతము కాదు. 1830లో ఇంగ్లండులోని స్ట్రౌడు ప్రాంతమున ఎడ్విను బడ్డింగు అను పనివాడు గడ్డి కోయు యంత్రమునకు హక్కుపత్రము పొందెను. ఉన్నిబట్టల మిల్లులలో బట్టమీద లేచిన నూగును సమముగా కత్తిరించు యంత్రము చూచి అతనికి ఈ ఆలోచన కలిగెనట. 19 అంగుళముల వెడల్పు గల ఇనుప యంత్రము. అది వచ్చువరకు అచ్చటి దొరల పచ్చికలను పెద్ద కొడవళ్ళతో మనుష్యులే కోసెడివారు. తరువాత పెద్ద యంత్రములను గుఱ్ఱములచేత లాగించిరి. డెక్కల గుర్తులు పడకుండుటకు వానికి తోలు జోళ్ళు తొడిగిరి. గుఱ్ఱమునకు జోడు తొడిగినవారి శ్రద్ధను మనము నేర్వలేదు. వారి పచ్చికను మాత్రము తెచ్చుకొంటిమి! బడ్డింగు యంత్రము కత్తెరవలె పనిచేయును. చుట్టు తిరుగు కత్తులు క్రింది స్థిరమైన కత్తికి ఒరసికొని ఆకును నడుమ పట్టి కత్తిరించును. మా తండ్రిగారి చేతియంత్రము ఆ వంశములోనిదే. ఇప్పుడు ఎక్కువ ఇండ్లలో ఉన్నవి గిరగిర తిరుగు ఒకే కత్తితో వేగముగా కొట్టి కోయునవి. అవియు చెడ్డవి కావు, పదునుండవలెను, అంతే. బ్రష్ కట్టరు మాత్రము గట్లమీది పొదలకును, కంచె మొదళ్ళకును పుట్టినది. దానికి చక్రము లేదు, ఎత్తు నిలుపు మీట లేదు; మనిషి చేయి ఎంత అలసిన అంత క్రిందికి దిగును. దానిని పచ్చికమీద త్రిప్పుట పారతో అన్నము వడ్డించుటవంటిది. మన సమాజ భవనము ముందర మూడేండ్లుగా తిరుగుచున్నది అదే. మేము కిటికీలోనుండి చూచి ఊరకుంటిమి గనుక ఈ నేరములో మాకును భాగము కలదు.

కోసిన గడ్డిని ఏమి చేయుచున్నాము? చీపురుతో ఊడ్చి, గోనెసంచులకెత్తి, చెత్తబండికి ఇచ్చుచున్నాము. మరునాడు అంగడికి పోయి యూరియా కొనుచున్నాము. జమాఖర్చులు తెలిసినవారు ఎవరైన ఈ పని చేయుదురా? 100 కిలోల పచ్చి కోతలో సుమారు 80 కిలోలు నీరు. మిగిలిన 20 కిలోలలో నూటికి మూడు వంతులు నత్రజని యనుకొన్నను 600 గ్రాములు. యూరియాలో నూటికి 46 వంతులే నత్రజని గనుక అది 1,300 గ్రాముల యూరియాకు సమానము. ముందర ఇచ్చి వెనుక కొనుట! మూడింట ఒక వంతు చొప్పున కోసినచో తుంపులు చిన్నవై ఆకుల నడుమకు జారి, కొలది దినములలో మన్నులో కలిసిపోవును. పచ్చికకు ఏడాదికి కావలసిన నత్రజనిలో నాలుగవ వంతువరకు ఈ తుంపులే తీర్చగలవు. తుంపులు వదలినచో నేలపై చాపవలె గట్టి పొర కట్టునని ఒక అపోహ కలదు. ఆ పొర కట్టునవి త్వరగా కుళ్ళని కాండములును వేళ్ళును. మెత్తని ఆకుతుంపులు కావు. అయితే నెలరోజుల గడ్డిని ఒక్కసారి కోసి గుట్టలుగా వదలినచో క్రింది గడ్డికి ఊపిరాడక పసుపుబారుట నిజము. అప్పుడు ఎత్తవలసినదే. అదియు ఆలస్యమునకు చెల్లించు జరిమానాయే.

తడిగడ్డిని కోయరాదు. తుంపులు ముద్దలు కట్టును, కాలు జారును, విద్యుత్తు యంత్రమైనచో ప్రాణాపాయము. మంచు ఆరిన పిదప, ఎండ ముదరక పూర్వము కోయవలెను. ముందుగా రాళ్ళు, మేకులు, పిల్లల గోలీలు ఏరవలెను. చెప్పులతో గాక బూట్లతో నడువవలెను. ఒకసారి నిలువుగా కోసిన మరుసారి అడ్డముగా కోయవలెను. ఒకే దారిని నడిచినచో గడ్డి ఒక ప్రక్కకు వాలి, చక్రపు చాళ్ళు పడును.

ఇక ప్రతిపాదకుల మాటలకు వత్తుము. వారి మొదటి వాదము నీరు. ఇది తేలికగా త్రోసివేయదగినది కాదు. మా మడివంటి 600 చదరపు అడుగుల నేలకు ఒక అంగుళము నీరు పెట్టవలెనన్న 1,400 లీటర్లకు పైగా కావలెను. 20 లీటర్ల బిందెలు 70! త్రాగుటకు లేనిచోట ఆ 70 బిందెలు గడ్డికి పోయుమని చెప్పుటకు మాకు నోరు రాదు. 2024 వేసవిలో నీటిబండికై వీధి చివర నిలిచినవారిలో మేమును ఉంటిమి. కాని గరిక ఆ 70 బిందెలు అడుగుచున్నదా? ఎండలకు అది గోధుమరంగు తిరిగి పడుకొనును. చావదు. కోత ఆపి, రెండంగుళములకు తక్కువ కాకుండ ఉంచినచో ఆ ఆకే నేలకు గొడుగై తడిని కాచును. మే నెల వానలకు మరల లేచును. రెండు నెలలు వాకిలి గోధుమరంగున ఉన్న ఏమి ప్రమాదము? మన పొలములు ఉండుట లేదా? ఏడాది పొడవునను పచ్చగా నుండవలెనను కోరికయే నీటిని త్రాగుచున్నది.

రెండవ వాదము, పచ్చిక దొరల వేషము, మన సంస్కృతి కాదని. ఈ మాట అనినవారు ప్లాస్టిక్ పచ్చికను మన సంస్కృతిగా ఎట్లు భావించిరో మాకు బోధపడలేదు. చదునుగా కోసిన పచ్చిక దొరలు తెచ్చినదే, ఒప్పుకొందుము. గరికను మాత్రము వారు తేలేదు. విత్తనముల అంగడిలో బెర్ముడా గడ్డి యని పొట్లము కట్టి మనకు అమ్ముచున్నది ఏదో ఎరుగుదురా? వృక్షశాస్త్రజ్ఞులు సైనోడాన్ డాక్టిలాన్ అని పిలుచు ఆ గడ్డి మన పొలముగట్ల గరికయే. సంకర జాతులు కొన్ని వేరుగా కలవుగాని, మూలము ఇదే. ఊరిలో దోకుడుపారతో చెక్కి పారవేసి, పట్టణములో పేరు మార్చి కొనితెచ్చుకొనుట మన జాతి లక్షణమా యని ఒక్కొక్కప్పుడు అనుమానము కలుగును. మూడు తరములుగా పరదేశమున ఉండి మనము నిలుపుకొన్నది భాష, వంట, పండుగ. చవితినాటి పళ్ళెరములోని గరిక ఆ మూడింటిలో ఏ లెక్కలోనికి వచ్చునో సభ్యులే చెప్పవలెను.

మూడవది, ప్లాస్టిక్ పచ్చికకు పోషణ లేదని. చైత్ర వైశాఖముల మధ్యాహ్నమున దానిపై ఒకసారి చెప్పులు విడిచి నిలిచి చూడవలసినదిగా ప్రతిపాదకులను ప్రార్థించుచున్నాము. బ్రతికిన ఆకు నీటిని ఆవిరి చేసి తాను చల్లగా ఉండి, నిలిచినవానిని చల్లబరచును. ప్లాస్టిక్ వేడిని పట్టి దాచును. దాని క్రింది సిమెంటు వాననీటిని నేలలోనికి ఇంకనీయక వీధి కాలువకు పంపును. నీటి కరువునకు మందుగా వాననీరు ఇంకకుండ చేయుట ఏ వైద్యము? కొన్ని ఏండ్లకు అది చిరిగినప్పుడు మరల కొనవలెను. చిరిగినదానిని పారవేయుటకును చోటు వెదకవలెను. ప్రతిపాదకుల అంచనా పత్రములో ఈ పద్దు లేదు. మేము వెదకితిమి.

అయితే మన స్థలములో తూర్పు మూలను కానుగ చెట్టు నీడ కలదు. ఆ నీడలో ఎంత కోత నేర్చినను గరిక రాదు, అది ఎండబిడ్డ. అచ్చట పది అడుగుల మేర రాతిపలకలు పరచి బల్లలు వేయుటకు మాకు అభ్యంతరము లేదు. వయోవృద్ధులు కూర్చుండుటకు పనికివచ్చును. మిగిలినది గరికకు విడువవలెను.

మా మడి సంగతి చెప్పి విరమించెదము. 2024 వానలలో తుంగను గడ్డలతో సహా తవ్వి తీసితిమి. కోతకు అది లొంగదు. వయ్యారిభామను పూతకు రాకముందే చేతికి తొడుగు వేసికొని పీకితిమి. గోడ వెంబడి మిగిలిన నాలుగు గరిక తీగెలను బోడి నేలమీదికి మరలించితిమి. మా తండ్రిగారి చేతియంత్రము తుప్పు వదలించి, పదును పెట్టించి, స్కేలు చూచి కోయ నారంభించితిమి. 2025 వానలు ముగియునప్పటికి నేల కనబడకుండ కప్పినది. మొత్తము ఖర్చు పదునునకును, నూనెకును మాత్రమే. ఆ ఏటి చవితికి ఎదురింటి పిల్లలు గరికకు వచ్చిరి.

సమాజము వారికి మా విన్నపము ఇది. తీర్మానమును ఒక్క వానకాలము ఆపవలెను. బ్రష్ కట్టరు పనివానిని వచ్చే నెలనుండి కంచె మొదళ్ళకు మాత్రమే పిలువవలెను. జూను మొదలు నవంబరు వరకు ప్రతి ఆదివారము ఉదయము ఎనిమిదిన్నరకు మేము మా చేతియంత్రముతో వచ్చెదము. మా కుమారుడు కారులో ఎక్కించి పంపుటకు ఒప్పుకొన్నాడు. వాన పడినచో సోమవారము వచ్చెదము. తోడు వచ్చు యువకులు ఇద్దరుండినచో వారికి స్కేలు పట్టుట నేర్పెదము. పెద్దవాకిటి తాళపుచెవి కాపలాదారు వద్ద ఉంచుటయు, ముందునాటి సాయంకాలము పెండ్లివారు విడిచిన మేకులు, సీసా మూతలు ఏరించుటయు కార్యదర్శిగారి బాధ్యత.